బాస్ పడ్డాక పంచాయితీ: లూట్ తగాదాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ప్రశ్నలన్నీ ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో లూట్ (పడగొట్టిన శత్రువు దగ్గర దొరికే వస్తువులు) పంపకం గురించినవే. ఆటను బట్టి బటన్లు మారతాయి, పేర్లు మారతాయి. తగాదా పుట్టే చోటు మాత్రం దాదాపు ఒకటే: బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, కొట్టకముందు ఎవరూ నోరు విప్పరు, వస్తువు కిందపడ్డాక అందరూ మాట్లాడతారు. అందుకే కింది జవాబుల్లో చాలా వరకు మొదటి దెబ్బ పడకముందు చేయాల్సిన పనులే కనిపిస్తాయి.

ప్రశ్న: డంజన్‌లో (చిన్న పార్టీ కలిసి వెళ్లే చోటు) రెండు చేతుల కత్తి పడింది. నేను డీపీఎస్ (శత్రువుని కొట్టడమే పనైన) వారియర్‌ని, నా ఆయుధం బాగా పాతది. ట్యాంక్ (శత్రువు దెబ్బలు తన మీద కాచుకునే పాత్ర) ఆడుతున్నతను కూడా నీడ్ బటన్ కొట్టి గెలిచాడు. అడిగితే "ఒక్కడినే తిరిగేటప్పుడు నాకూ పనికొస్తుంది" అన్నాడు. ఇది నింజా లూటింగ్ కాదా?

జవాబు: మర్యాద తప్పడమే, కానీ నింజా కాదు. ఈ రెండింటి మధ్య గీత తెలిస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. అందరికీ చెప్పిన నియమాన్ని కాదని వస్తువు ఎత్తుకుపోవడాన్ని నింజా అంటారు. మీ పార్టీలో అసలు నియమమే చెప్పుకోలేదు కాబట్టి ఆట ఒప్పుకున్న బటన్‌నే అతను నొక్కాడు.

చాలా ఏళ్లుగా ఆటగాళ్లు పాటిస్తున్న అర్థం ఇది. నీడ్ అంటే "ఈ పార్టీలో ఇప్పుడు నేను చేస్తున్న పనికి, వెంటనే తొడుక్కుని వాడతాను" అని. గ్రీడ్ అంటే అమ్ముకోవడానికో, ఆల్ట్‌కో (మీ ఇంకో పాత్రకి), ఆఫ్‌స్పెక్‌కో (ఇప్పుడు ఆడని రెండో ఆటతీరుకి), రూపం కోసమో. బటన్ నొక్కినవాళ్లకి ఆట పాచికలా ఒక అంకె వేస్తుంది, దీన్నే రోల్ అంటారు. నీడ్ కొట్టినవాడికి 2 వచ్చి, గ్రీడ్ కొట్టినవాడికి 99 వచ్చినా వస్తువు నీడ్‌కే పోతుంది. అంటే ఒక్కరు నిజాయితీగా గ్రీడ్ కొట్టి, ఇంకొకరు ఊరికే నీడ్ కొడితే నిజాయితీపరుడికి గెలిచే అవకాశం సున్నా. కడుపు మండేది అందుకే.

సాఫ్ట్‌వేర్ ఈ అర్థాన్ని ఎంతవరకు కాపలా కాస్తుందనేది ఆటను బట్టి ఉంటుంది. ఫైనల్ ఫాంటసీ 14లో మీరు ఆ క్షణాన ఏ జాబ్‌లో (పాత్ర రకంలో) ఉన్నారో ఆ జాబ్ తొడుక్కోగల దుస్తులకే నీడ్ వెలుగుతుంది. హీలర్‌గా (ప్రాణం నింపేవాడిగా) వెళ్లినవాడు ట్యాంక్ కవచానికి నీడ్ కొట్టలేడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2022 నవంబరులో వచ్చిన డ్రాగన్‌ఫ్లైట్‌తో రెయిడ్లలో (పెద్ద గుంపు కలిసి చేసే దాడుల్లో) గ్రూప్ లూట్, అంటే అందరూ రోల్ వేసుకునే పద్ధతి, తిరిగొచ్చింది, రూపం కోసమే కావాలనుకునేవారికి ట్రాన్స్‌మాగ్ బటన్ విడిగా పెట్టారు. పాత పద్ధతి సర్వర్లలో ఇంత కాపలా ఉండదు, అక్కడ మాటే కాపలా.

ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. వార్‌క్రాఫ్ట్‌లో తీసుకోగానే పాత్రకి అంటుకుపోయే (మామూలుగా ఇంకొకరికి ఇవ్వలేని) రెయిడ్, డంజన్ వస్తువులు చాలావాటిని, ఆ బాస్‌ని కొట్టినప్పుడు అక్కడున్న అర్హులకు 2 గంటల లోపు ట్రేడ్ చేయొచ్చు. అవతలివాడు దాన్ని తొడుక్కుంటే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి డంజన్ అయ్యేదాకా ఆగకండి, రోల్ ముగిసిన మొదటి నిమిషంలోనే అడగండి: "అది నా మెయిన్ స్పెక్‌కి పెద్ద అప్‌గ్రేడ్, మీకు ఆఫ్‌స్పెక్‌కైతే ఇవ్వగలరా?" ఒక్కసారి అడగండి, రెండోసారి వద్దు. దొంగా, నింజా అని మొదలుపెడితే ఇద్దామనుకున్నవాడు కూడా ఇవ్వడు.

రేపటినుంచి డంజన్ తలుపు దగ్గర ఒక్క వాక్యం టైప్ చేయండి: "నీడ్ మెయిన్ స్పెక్‌కే. ఆఫ్‌స్పెక్ అయితే ముందు అడగాలి. తొడుక్కుంటేనే అంటుకునేవాటికి అందరూ గ్రీడ్. మౌంట్‌కి అందరూ నీడ్." చివరి రెండు ముక్కలూ తప్పకుండా ఉండాలి. తొడుక్కునేదాకా అంటుకోని వస్తువుని ఎవరైనా అమ్ముకోవచ్చు, కాబట్టి అది అందరికీ డబ్బే. మౌంట్, అంటే ఎక్కి తిరిగే జంతువు లాంటిది, అందరికీ ఒకేలా పనికొస్తుంది. ఈ రెండింటికీ అందరూ నీడ్ కొట్టినా న్యాయమే, అందరూ గ్రీడ్ కొట్టినా న్యాయమే. సగంమంది ఇటు, సగంమంది అటు కొట్టినప్పుడే అన్యాయం.

ప్రశ్న: పొరపాటున నీడ్ నొక్కాను, గెలిచాను. ఇప్పుడు అందరూ తిడుతున్నారు.

జవాబు: తొడుక్కోకండి, ఎన్‌చాంట్ చేయకండి (మంత్రశక్తి కలపకండి), అమ్మకండి. "తప్పు నొక్కాను, నిజంగా నీడ్ ఉన్నవాళ్లు మళ్లీ రోల్ వేయండి, గెలిచినవాళ్లకి ట్రేడ్ చేస్తాను" అని వెంటనే చాట్‌లో రాయండి. మీకు నచ్చినవాడి చేతిలో పెట్టకండి, అది ఇంకో గొడవ. ట్రేడ్ కుదరని ఆట అయితే గ్రూప్ లీడర్‌కి చెప్పి, ఆ రాత్రి మిగతా రోల్స్‌కి పాస్ కొట్టండి.

ప్రశ్న: చాట్‌లో రోల్ వేసుకునే గ్రూపుల్లో మోసం జరుగుతుందంటారు. ఎలా పట్టుకోవాలి?

జవాబు: అంకె ఒక్కటే కాదు, పక్కనున్న హద్దు కూడా చదవాలి. వార్‌క్రాఫ్ట్‌లో రోల్ కమాండ్ తర్వాత హద్దులు మనమే ఇవ్వొచ్చు. 50 నుంచి 100 అని ఇచ్చినవాడికి 50 కంటే తక్కువ రానే రాదు. ఆట ఆ హద్దుని ఫలితం పక్కనే చూపిస్తుంది, హడావిడిలో ఎవరూ చూడరు. 1-100 కానిదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

రెండో మోసం ఇంకా పాతది. ఎమోట్ (పాత్ర చేసే పనిని చాట్‌లో రాసే) కమాండ్‌తో "ఫలానావాడికి 98 వచ్చింది" అన్నట్టు తనే రాసుకోవడం. రంగులో దొరికిపోతారు: ఆట ఇచ్చే నిజమైన రోల్ వరుస పసుపు, ఎమోట్ వరుస నారింజ. చాట్ రంగుల్ని మార్చుకున్నవాళ్లు ఈ తేడాని పోగొట్టుకుంటారు, జాగ్రత్త. మూడోది, రెండుసార్లు వేసి పెద్దది చూపించడం. ఒక్కొక్కరికీ మొదటి రోల్ మాత్రమే చెల్లుతుందని ముందే చెప్పి, ఒక్కో వస్తువు పేరు రాశాకే రోల్ మొదలుపెట్టించాలి. ముగించేముందు "3, 2, 1" అని వెనక్కి లెక్కపెడితే చాలు.

ప్రశ్న: ఐదుగురి పార్టీలో నలుగురు ఒకే గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) వాళ్లు, నేనొక్కణ్ణే బయటివాణ్ణి. వాళ్ల హీలర్‌కి కావాల్సిన ఉంగరానికి నలుగురూ నీడ్ కొట్టి, గెలిచినవాడు హీలర్‌కి ఇచ్చేశాడు. ఇందులో తప్పుందా?

జవాబు: ఉంది, లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ ఉంగరం నిజంగా కావాల్సినవాళ్లు ఇద్దరే, మీరూ హీలరూ. చెరొకరికీ 50 శాతం ఉండాలి. నలుగురు ఒకరి కోసం కొట్టడంతో హీలర్ వాటా 80 శాతానికి పెరిగి, మీది 20కి పడిపోయింది. వస్తువు చేతులు మారగలిగిన ప్రతి ఆటలోనూ ఇది జరగొచ్చు. ఎవరి డ్రాప్ వారికే వచ్చే పర్సనల్ లూట్‌లో కూడా, ట్రేడ్ చేయగలిగితే, నలుగురి అదృష్టం ఒకరికే చేరుతుంది. కానీ అక్కడ మీ డ్రాప్ మీదే, దాన్ని వాళ్లు ముట్టుకోలేరు.

దీన్ని ఆపే అధికారం మీకు లేదు. చేరేముందు సభ్యుల గిల్డ్ పేర్లు చూసి, "కావాల్సినవాళ్లే రోల్, తరఫున రోల్ లేదు" అని ఒప్పించుకోవడమే. ఒప్పుకోకపోతే వచ్చే నష్టం ఇంకో పార్టీ దొరికేదాకా కాసేపు ఎదురుచూడటమే.

ప్రశ్న: మాస్టర్ లూట్ (పంపకం అంతా లీడర్ చేతిలో ఉండే పద్ధతి) ఉన్న రెయిడ్‌లో నాలుగో బాస్ అయ్యాక లీడర్ "ఈ స్టాఫ్ (మంత్రదండం) నాకు రిజర్వ్" అన్నాడు. పిలిచినప్పుడు ఆ మాట లేదు. ఫిర్యాదు చేస్తే పనవుతుందా?

జవాబు: రిజర్వ్ చేసుకోవడం తప్పు కాదు. పిలుపులోనే చెప్పి ఉంటే, ఇష్టమైనవాళ్లు వస్తారు, లేనివాళ్లు రారు. తర్వాత చెప్పడం ఎందుకు పెద్ద తప్పంటే, అప్పటికే మీరు ఇరుక్కుపోయారు. ఒక బాస్‌ని కొట్టగానే ఆ వారం మీ పాత్ర ఆ రెయిడ్‌కి ముడిపడిపోతుంది, వదిలి వెళ్తే ఇంకో గ్రూపులో అవే బాస్‌లని మళ్లీ కొట్టలేరు. మీరు కాదనలేని స్థితికి వచ్చాక నియమం మార్చాడు.

ఫిర్యాదు నిలబడాలంటే మూడు స్క్రీన్‌షాట్లు కావాలి: చేరకముందో, మొదటి బాస్ ముందో లీడర్ రాసిన నియమం, వస్తువు పడి అందరూ రోల్ వేసిన వరుస, వస్తువు ఎవరికి పోయిందో ఆట చూపించిన వరుస. మూడింటిలోనూ పాత్ర పేర్లు, సమయం కనిపించాలి. నియమం వాయిస్‌లో చెబితే చాట్‌లో దాని జాడే ఉండదు. అందుకే మాటల్లో వినగానే మీరే చాట్‌లో "అంటే మెయిన్ స్పెక్ రోల్, రిజర్వ్‌లు లేవు, అంతేగా?" అని రాసి జవాబు రాబట్టండి. వార్‌క్రాఫ్ట్‌లో చాట్‌లాగ్ కమాండ్ ఉంది. దాన్ని ముందే ఆన్ చేస్తే అక్కణ్నుంచి వచ్చే చాట్ ఆట ఫోల్డర్‌లోని లాగ్స్‌లో టెక్స్ట్ ఫైలుగా పడుతూ ఉంటుంది. జరిగిపోయాక ఆన్ చేస్తే పాతది రాదు.

ఆట కంపెనీకి పంపే ఫిర్యాదు టికెట్‌లో సర్వర్, తేదీ, సమయం, పాత్ర పేరు, వస్తువు పేరు, ఏ నియమం ఎక్కడ తప్పింది, ఇంతే రాయండి. తిట్లు వద్దు, మీ బాధ వర్ణనా వద్దు. అసలు నియమమే రాయకుండా ఉన్న గ్రూపయితే ఫిర్యాదు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, తేల్చడానికి కంపెనీవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఇంకొక మాట: అతన్ని సర్వర్ అంతా తిప్పి తిట్టడం, విస్పర్ల (ప్రైవేటు సందేశాల) మీద విస్పర్లు పంపడం చేస్తే వేధింపు కింద చర్య మీ ఖాతా మీదే రావచ్చు. ఇగ్నోర్ జాబితాలో చేర్చి, మీ గిల్డ్‌వాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పండి.

ప్రశ్న: 25 మంది గిల్డ్ మాది. ప్రతి వారం లూట్ దగ్గర అలకలే. పాయింట్ల పద్ధతా, కౌన్సిలా, రోలా? ఏది పెట్టుకోవాలి?

జవాబు: ఈ నెల ప్రశ్నల్లో మాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించింది ఇదే. గిల్డ్‌లు విరిగేది బాస్‌ల దగ్గర కాదు, ఇక్కడే.

పాయింట్ల పద్ధతికి పేరు డీకేపీ, అంటే డ్రాగన్ కిల్ పాయింట్లు. 1999లో ఎవర్‌క్వెస్ట్ ఆటలో ఒక గిల్డ్ దీన్ని మొదలుపెట్టింది. వాక్స్, నాగఫెన్ అనే డ్రాగన్లని పడగొట్టడానికి పెద్ద గుంపు కావాలి, పడేది మాత్రం కొద్ది వస్తువులే. వచ్చినందుకు పాయింట్లు ఇచ్చి, వస్తువుకి పాయింట్లు ఖర్చు పెట్టించారు. ఆలోచన గట్టిదే, రెండు చోట్ల చెడుతుంది.

ఒకటి, పాతవాళ్లు పాయింట్లు పోగేసుకుంటారు. కొత్తగా చేరినవాడికి ఎప్పటికీ అందదు, రెండు నెలలు చూసి వెళ్లిపోతాడు. దీనికి మందు డికే, అంటే వారానికి 10 శాతం కోత. వారానికి 100 పాయింట్లు వస్తూ, ఉన్నదాంట్లో 10 శాతం పోతూ ఉంటే ఎవరి ఖాతా అయినా 1000 దాటదు, ఎందుకంటే 1000లో కోత 100, రాబడి కూడా 100. కొత్తవాడు ఏమీ ఖర్చు పెట్టకుండా 10 వారాలు వస్తే దాదాపు 650కి చేరతాడు. కోత లేకపోతే ఏడాది నుంచి ఉన్నవాడి దగ్గర 5000 పైన ఉంటాయి, కొత్తవాడి దగ్గర అదే 10 వారాలకి 1000. తేడా మీకే కనిపిస్తోంది.

రెండు, వేలంలో కుమ్మక్కు. "ఈసారి నువ్వు, వచ్చేసారి నేను" అని ఇద్దరు మాట్లాడుకుని తక్కువకే పాడుకుంటారు. పాటలు లీడర్‌కి రహస్యంగా పంపించి, గెలిచినవాడు రెండో పాట కంటే ఒక్క పాయింట్ మాత్రమే ఎక్కువ కట్టేలా పెట్టండి. 300, 180 పాటలు వస్తే 300 పాడినవాడు 181 కడతాడు. భయపడకుండా తనకి నిజంగా ఎంత విలువో అంతే రాస్తాడు.

డీకేపీకి తమ్ముడు ఈపీజీపీ. ఇందులో కష్టానికి ఈపీ, తీసుకున్న వస్తువులకి జీపీ. ఈపీని జీపీతో భాగిస్తే వచ్చేదే వరుస. ఒకరికి ఈపీ 1200, జీపీ 400 అయితే 3. ఇంకొకరికి ఈపీ 800, జీపీ 200 అయితే 4. తక్కువ కష్టపడ్డ రెండోవారికే ముందు వస్తుంది, ఎందుకంటే తక్కువ తీసుకున్నారు. 150 జీపీ ధర ఉన్న వస్తువు తీసుకోగానే 800ని 350తో భాగించాలి, 2.29కి దిగుతారు, తర్వాతి వస్తువు మొదటివారిది. ఇక్కడ మరిచిపోకూడనిది మూల జీపీ. అందరికీ 100 దాకా మూలం కలపకపోతే, నిన్న చేరి జీపీ దాదాపు సున్నా ఉన్నవాడు ఒక్క రాత్రికే వరుస మొదట్లో నిలబడతాడు.

కౌన్సిల్ అంటే కొందరు కూర్చుని ఎవరికిస్తే రెయిడ్‌కి మేలో తేల్చడం. బాస్‌లు త్వరగా పడటానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు, గిల్డ్‌ని చీల్చడానికీ లేదు. పెట్టుకుంటే ఇలా పెట్టండి: ముగ్గురో ఐదుగురో, సరి సంఖ్య వద్దు, ఒకరైనా ఆఫీసర్ కానివారు ఉండాలి, తనకి కావాల్సిన వస్తువు వచ్చినప్పుడు ఆ సభ్యుడు పక్కకి తప్పుకోవాలి, ప్రతి నిర్ణయం పక్కన ఒక్క వాక్యం కారణం రాసి అందరూ చూసే షీట్‌లో పెట్టాలి. చూడాల్సినవి మూడు: అప్‌గ్రేడ్ ఎంత, గత నాలుగు వారాల్లో ఏం తీసుకున్నారు, హాజరు ఎంత. కారణం రాయని కౌన్సిల్ ఎంత నిజాయితీగా ఉన్నా నాలుగు వారాల్లో "ఆఫీసర్ల దోస్తులకే" అనే పేరు తెచ్చుకుంటుంది.

మీ గిల్డ్‌లో ప్రతి వారం మనుషులు మారుతుంటే ఇవేవీ వద్దు, సాఫ్ట్ రిజర్వ్ చాలు. ఒక్కొక్కరు తమకి కావాల్సిన ఒక వస్తువు పేరు ముందే రాస్తారు. మొదటి బాస్ ముందు జాబితాకి తాళం పడుతుంది. ఆ వస్తువు పడితే రాసుకున్నవాళ్ల మధ్యే రోల్, ఎవరూ రాసుకోకపోతే అందరి రోల్. ఏ వస్తువుకి ఎంతమంది రాశారో తాళం పడేముందు అందరికీ కనిపించాలి, లేకపోతే పదిమంది ఒకే ట్రింకెట్ మీద పడి, అది పడినా ఒక్కొక్కరికీ 10 శాతం అవకాశమే మిగులుతుంది.

25 మందీ స్థిరంగా వచ్చేవాళ్లయితే మా ఓటు కోత ఉన్న ఈపీజీపీకి. ఏది ఎంచుకున్నా సీజన్ మధ్యలో మార్చకండి, పోగేసిన పాయింట్లు నీళ్లపాలైనవాళ్లు మళ్లీ నమ్మరు. ఒకటి మాత్రం ఏ పద్ధతీ తీర్చలేదు. 10 శాతం అవకాశమున్న వస్తువు 10 సార్లు కొట్టినా పడకపోవడానికి దాదాపు 35 శాతం, 20 సార్లకి 12 శాతం అవకాశం ఉంది. వస్తువే రాని కోపం పద్ధతి మీదకి మళ్లుతుంది. ఎన్నిసార్లు కొట్టారు, ఏం పడ్డాయి అన్న లెక్క అదే షీట్‌లో ఉంటే, అలిగినవారికి చూపించడానికి ఏదో ఒకటుంటుంది.

ప్రశ్న: బంగారంతో వేలం వేసే జీడీకేపీ రెయిడ్లకి వెళ్లొచ్చా? పంచిన వాటా సరిగ్గా ఇచ్చారో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు మీ సర్వర్‌లో అనుమతి ఉందో చూసుకోండి. వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ సీజన్ ఆఫ్ డిస్కవరీలో 2024 ఫిబ్రవరిలో మొదలైన రెండో దశ నుంచి దీన్ని నిషేధించారు, అదే ఏడాది నవంబరులో తెరిచిన యానివర్సరీ సర్వర్లలోనూ నిషేధమే. వేలంలో గెలవడానికి అసలు డబ్బుతో బంగారం కొనేవాళ్లు పెరగడమే దీని మీద ఉన్న పెద్ద అభ్యంతరం.

అనుమతి ఉన్నచోట లెక్క సులువే. మొత్తం 50,000 బంగారం, నిర్వాహకుడికి 10 శాతం అనుకుంటే 45,000 మిగులుతుంది, 25 మందికి తలా 1,800. ప్రతి పాట గెలిచిన ధర మీరే కాగితం మీద రాసుకోండి, చివర్లో మీ కూడిక, ఆయన కూడిక ఒకటి కావాలి. నిర్వాహకుడి కోత ఎంత, సరిగా ఆడనివారి వాటా కోస్తారా, మధ్యలో వెళ్తే ఏమిటి, ఈ మూడూ ముందే చాట్‌లో ఉండాలి.

ప్రశ్న: నేను కొడుతున్న రాక్షసుణ్ణి దారినపోయేవాడు వచ్చి కొట్టి లూట్ పట్టుకెళ్లాడు.

జవాబు: ఆ ఆట హక్కుని ఎలా లెక్కిస్తుందో తెలుసుకుంటే కోపం సగం తగ్గుతుంది. ఎవర్‌క్వెస్ట్‌లో ఎక్కువ నష్టం చేసినవారిది లూట్, అందుకే ఒకరి రాక్షసుణ్ణి ఇంకొకరు లాక్కోగలిగేవారు, క్యాంప్‌ల (ఒకే చోట రాక్షసుల కోసం కాపుకాసే చోట్ల) మీద తగాదాలు అక్కడ పుట్టాయి. వార్‌క్రాఫ్ట్ మొదట్లో తొలి దెబ్బ వేసినవారిదే హక్కు. గిల్డ్ వార్స్ 2లో తగినంత కొట్టిన ప్రతివారికీ సొంత లూట్ వస్తుంది, గనులూ చెట్లూ కూడా ఎవరివి వారికే, కాబట్టి అక్కడ వచ్చి చేయి కలిపినవాడు మీకు సాయమే చేస్తున్నాడు. ఈవ్ ఆన్‌లైన్‌లో ఇంకొకరికి చెందిన, పేలిన ఓడ శిథిలంలోంచి వస్తువులు తీసుకోవడం ఆటలో భాగమే. తీసుకున్నవాడి మీద 15 నిమిషాలు సస్పెక్ట్ గుర్తు పడుతుంది, ఆలోగా ఎవరైనా అతని మీద దాడి చేయొచ్చు. ఫిర్యాదు పెట్టే విషయం కాదది.

తొలి దెబ్బదే హక్కు అయిన ఆటలో, ఒకరు ప్రాణం నింపుకుంటూ రాక్షసుడి ఎదుట నిలబడి ఉంటే అది వారిదే అనుకుని పక్కకి తప్పుకోండి. పెట్టె దగ్గర కాపలావాడితో ఎవరైనా పోరాడుతుంటే వెనకనుంచి వెళ్లి పెట్టె తెరవకండి, ఆట ఒప్పుకున్నా సరే.

ప్రశ్న: పార్టీలో నేల మీద పడ్డ వస్తువులు నేను చూసేలోపే మాయమవుతున్నాయి.

జవాబు: లూట్ ఎంపిక చూడండి. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో పార్టీ లీడర్‌కి మూడు ఎంపికలున్నాయి: దొరికినవారిది, కాసేపు ఒకరి పేరు మీద ఉండేది, శాశ్వతంగా ఒకరి పేరు మీద ఉండేది. తెలియనివారితో ఆడితే మూడోదే అడగండి. 2000లో వచ్చిన డయాబ్లో 2లో చేతివేగానిదే లూట్, అది తెలిసే వెళ్లాలి. డయాబ్లో 3లో ఎవరి డ్రాప్ వారికే కనిపిస్తుంది.

ప్రశ్న: బాస్ 20 శాతం దగ్గర ఉండగా నాకు నెట్ పోయింది. తిరిగొచ్చేసరికి లూట్ పంచేశారు. నాకు హక్కుందా?

జవాబు: మాకు తెలిసినంతలో సబబైన పద్ధతి ఇది: మొదటి దెబ్బ నుంచి ఉండి నెట్ పోయినవారి కోసం 5 నిమిషాలు ఆగి, ఆ తర్వాత పంచడం. కానీ బాస్ పడే క్షణానికి మీరు ఆ గదిలో లేకపోతే కొన్ని ఆటలు మిమ్మల్ని అర్హుల జాబితాలోనే చేర్చవు, ఇద్దామనుకున్నా ట్రేడ్ కిటికీ ఒప్పుకోదు. అప్పుడు లీడర్‌ని తిట్టి లాభం లేదు. తిరిగి లాగిన్ కాగానే మీ బ్యాగ్, ఆ తర్వాత మెయిల్ బాక్స్ చూడండి, పర్సనల్ లూట్ ఉన్న ఆటల్లో మీ వాటా అక్కడికి చేరి ఉండొచ్చు. నెట్ తరచూ పోయేవారైతే రెయిడ్ మొదలవ్వకముందే ఆ మాట చెప్పి, "పోతే 5 నిమిషాలు ఆగుతారా?" అని చాట్‌లో అడిగి ఉంచండి.